జీడిసెట్టు కాదు, తిరిగే స్టూలు

పోర్ట్ బ్లెయిర్,
ఆదివారం, గుడి నుండి ఒచ్చినాక.

మన ఇంటి ఆడపిల్ల సువార్తకి,

సముద్రం ఇవతల నుండి నీ అన్నియ్య ప్రకాశం రాసుకుంటన్నది. ప్రభువు కాపాడబట్టి నాకు దగ్గు, జొరం ఏటీ నేవు. మీరంతా ఎలగున్నారు? అయ్య మోకాళ్లు ఎలగున్నాయి? అమ్మ కళ్లలో సుక్కలు ఏసుకుంటందా, సీసా గూట్లో ఎట్టీసి మర్సిపోతందా? బావ లారీ దిగి ఇంటికాడ ఉన్నాడా, మళ్లీ ఒరిస్సా ఎల్లిపోయేడా? నువ్వెలగున్నావు? అన్నిటికీ జవాబు రాయాల. నీ ఉత్తరాల్లో సగం ప్రశ్నలకి జవాబుండదు. పరీచ్చల్లో కూడా అంతే సేసీదానివి.

నీ ఉత్తరం మొన్న మంగళవారం అందింది. ఓడలో తడిసింది గావాల, ఆరి అప్పడం లాగ అయిపోయింది. ఇప్పగానే ఒక మూల ఊడి సేతిలోకి ఒచ్చీసింది. సదివినాక ఫోన్ సేద్దామని బూత్ కాడికి రెండుసార్లు ఎల్లినాను. ఎనకాల అయిదుగురు నిలబడుంటారు, ఎదురుగా మీటరు తిరుగుతుంటాది. నాను సెప్పాల్సింది అలగ సెప్పీ మాట కాదు. అందుకే రాత్తన్నాను. మేస్టార్ని గదా, సుద్దంగా రాద్దామని ప్రతిసారీ మొదలెడతాను. నీ పేరు రాయగానే మన మాటే ఒచ్చీత్తాది. నవ్వకు.

ఇక్కడి వాన గురించి ఏటి సెప్పమంటావు. మొదలయితే మరి ఆగదు. బట్టలు ఆరవు. సుద్దముక్కలు కూడా మెత్తబడిపోయి బోర్డు మీద ముద్ద ముద్దగా పడతన్నాయి. బజార్లో సగం మంది మనోళ్లే, సోంపేట అనీవోళ్లు, మందస అనీవోళ్లు. సేపలమ్మే ఆవిడది హరిశ్చంద్రపురం అట. నా మాట ఇనీసి, "ఏ ఊరు బాబూ మీది?" అనీసి ఒక సేప ఎక్కువ ఏసింది. గదికొచ్చి పులుసు ఎట్టుకున్నాను గాని అమ్మ సేతి రుసి రానేదు. ఇక్కడ సింతపండు నల్లగా ఉంటాది, పులుపుండదు. బెంగెట్టుకోవద్దని అమ్మకి సెప్పు. బాగానే తింటన్నాను. నిజంగానే బాగా తింటన్నాను. ఆదివారం మద్దేనం మటుకు గది మరీ కాళీగా ఉంటాది.

నీ ఉత్తరంలో ఒక కబురు రాసినావు. నవ్వుతూ రాసినావు గాని నాను నాలుగుసార్లు సదివినాను. మన గుడిలో స్త్రీల సమాజానికి కార్యదర్శిగా నీ పేరు ఎవరో సెప్పేరనీసి, అంతలో ఒకావిడ లేచి, "జీడిపిక్కల దొంగతనానికి ప్రభువు బల్ల నుండి ఆపీసిన మనిషి గదా, ఆవిడ సేతికి సంఘం తాళాలు ఎలగిత్తాం?" అన్నాదనీసి, అందరూ నవ్వితే నువ్వూ నవ్వీసినావనీసి. "పోనీలే అన్నియ్యా, పదవి నేకపోతే నాకు అన్నం దిగదేటి" అని రాసినావు. అడుగున సిన్న అచ్చరాలతో ఇంకో మాట, "మీ బావకి కూడా నిజం సెప్పనేదు, నువ్వు బెంగెట్టుకోకు" అని. ఓలమ్మో, సువార్తా! నువ్వు నాకు దైర్యం సెప్తన్నావా!

ఇప్పుడు నా బడి సంగతి సెప్పాల. సెప్పకపోతే ఈ ఉత్తరం ఎందుకు ఇంత పొడుగయిందో నీకు తెలీదు.

ఈ నెల పెద్ద క్లాసుకి భ్రమణ చలనం పాఠం. అంటే తిరిగీ వస్తువుల లెక్క. ఇక్కడ లేబులో కలకత్తా నుండి తెచ్చిన స్టీలు స్టూలు ఒకటుంది. మనిషి కూకుంటే గిర్రున తిరిగీది. నాను ఒచ్చినప్పటి నుండి దానికి ముసుగు తియ్యనేదు. ఆ స్టూలు ముట్టుకోకుండా పాఠం ఎలగ నడపాలా అనీసి నాను పడిన తంటాలు నువ్వు సూడాల. తలుపుతో మొదలెట్టినాను. కీలు కాడ తొయ్యమంటే లావుపాటి గుంటడు సెమటలు కక్కినాడు, అంచు కాడయితే ఒక గుంట ఏలితో తోసీసింది. తరవాత సైకిలు చక్రం తెచ్చినాను. తిరిగీ చక్రం ఇరుసు పట్టుకుని వంచమంటే అది మొరాయించి ఇంకో పక్కకి లాగింది, పిల్లలు ఒకటే కేకలు. ఆనక గుడ్లు. ఉడకేసిన గుడ్డు తిప్పి ఏలితో ఆపితే టక్కున ఆగిపోయింది. పచ్చిగుడ్డు ఆపి ఒదిలీగానే మళ్లీ తిరిగింది, లోపలి సొన ఇంకా తిరుగుతుంటాది గదా. ఉడికింది నేనే తినీసినాను.

క్లాసులో మీనా అనీసి ఒక గుంట ఉన్నాది. అచ్చం నీలాగే, ఒదల్దు. మూడు వారాలుగా ఒకటే అడుగుడు. "సార్, ఆ స్టూల్ ఎప్పుడు చూపిస్తారు?" ఒచ్చే వారం అన్నాను. ఒచ్చే వారం కూడా ఒచ్చే వారమే అన్నాను. మొన్న బుధవారం హెడ్మిస్ట్రెస్ గారు పాఠం సూద్దామని ఎనక బెంచీలో కూకున్నారు. ఆవిడ ముందరే మీనా అడిగీసింది. మరి దారి నేకపోయింది. ముసుగు తీసినాను. "ఎవరు కూకుంటారు?" అంటే క్లాసంతా సేతులెత్తింది. అందరి కన్నా ముందు మీనా లేచి ఒచ్చింది. ఆ గుంట సన్నటి మోసెయ్యి సూసినాను. నువ్వు లేచి ఒచ్చినట్టే అనిపించింది.

ఆ శనివారం సంగతి నీకు తెలిసిందే. అయినా రాత్తాను. ఇన్నేళ్లలో నా నోటితో ఒక్కసారి కూడా ఒప్పుకోనేదు గనక రాత్తాను.

టెక్కలి బడిలో నువ్వు పదో క్లాసు, నాను సైన్సు మేస్టార్ని. నాను పని సేత్తన్నాననే నీకు ఫీజు నేకుండా సీటిచ్చేరు. బళ్లో నన్ను అన్నియ్య అనకూడదు, సార్ అనాలని రూలు ఎట్టింది నేనే. సోమవారం ఇనస్పెక్షను. నీ పాఠంలో నేకపోయినా ఆఫీసర్లకి ఏదో గొప్ప సూపించాలని నా ఆత్రం. హైవే పక్క లారీ మెకానిక్కు కాడ పాత బేరింగు తెచ్చి, దాని మీద గుండ్రటి సెక్క బిగించి, స్టూలు నేనే సేసినాను. కింద కాళ్లు ఇరుగ్గా ఎట్టినాను, అదీ నా తెలివి. కొట్లో అడిగి రెండు తూకం రాళ్లు తెచ్చినాను. శనివారం బడి ఒదిలినాక ఆ గదిలో మనిద్దరమే.

సేతికో రాయి పట్టుకుని, సేతులు రెండేపులా సాపి కూకున్నావు. నాను తిప్పినాను. "ఇప్పుడు రాళ్లు గుండెకి లాక్కో" అన్నాను. లాక్కోగానే స్టూలు జోరందుకుంది. నువ్వు పకపకా నవ్వినావు. కోణీయ ద్రవ్యవేగం అంటే ఇదే, బరువు దగ్గరకి ఒత్తే జోరు పెరుగుతాది, దూరం ఎల్తే తగ్గుతాది అన్నాను. పాఠం అయిపోయింది. అక్కడితో సాలు గదా? నాకు సాల్నేదు. ఎన్ని సుట్లు తిరిగిందో గడియారం సూసి రాసుకుందామని, ఆఫీసర్లకి అది కూడా అప్పజెప్పుదామని, ఇంకోసారి తిప్పినాను, ఇంకా గట్టిగా. రాళ్లు గుండెకి లాక్కున్నావు. "సాలు సార్, తల తిరుగుతంది సార్" అన్నావు. గదిలో ఇంకెవరూ నేరు. అయినా సార్ అనే అన్నావు. నాను గడియారం సూత్తన్నాను. "సేతులు సాపు, అదే తగ్గుతాది!" అని అరిసినాను గాని, ఒక్క అడుగు ఏసి పట్టుకోనేదు. నువ్వు ఒక సెయ్యి సాపినావు. రెండోది గుండెకే ఉండిపోయింది. స్టూలు ఒరిగిపోయింది. ఇనప బల్ల అంచుకి నీ ఎడమ మోసెయ్యి కొట్టుకుంది.

టెక్కలిలో పెద్దాస్పత్రి ఉన్నాది. ఎలగ పడ్డాదని అడిగి రాసుకుంటారు, బడికి తెలిసిపోతాది, నా ఉద్యోగం, నీ సీటు రెండూ పోతాయన్నాను నీతో. నీ సీటు అని పైకి అన్నాను గాని, నా భయమంతా నా ఉద్యోగం గురించే. నందిగాం అవతల కట్లు కట్టే ముసిలాయన కాడికి బస్సెక్కించినాను. గుడ్డు సొన, పాత గుడ్డలు, ఎదురుబద్దలు. సైన్సు మేస్టార్ని సువార్తా! ఎముక ఇరిగితే ముందు ఎక్సురే ఫోటో తీయించాలని పిల్లలకి సెప్పీవోణ్ని. ఆ బస్సులో నువ్వు సెయ్యి ఒళ్లో ఎట్టుకుని పళ్లు బిగించుకుని ఉంటే, నీకు రెండు మాటలు సెప్పినాను. ఒకటి, "నాను సాపమన్నాను, ముడిసీసింది నువ్వే, తప్పు నీదే" అని. రెండోది, "ఇంటికాడ జీడిసెట్టు మీద నుండి పడ్డానని సెప్పు" అని. నువ్వు తలూపినావు.

అవి పిక్కల రోజులు. మనకి గజం తోట నేదు. జీడిసెట్టంటే సింహాచలం గారి తోటే. పిక్కల రోజుల్లో పరాయి తోటలో సెట్టెక్కిన మనిషిని మనూర్లో ఏటంటారో నాకు తెలీదా? ఆ చనానికి తట్టనేదు. తట్టినాక కూడా నోరెత్తనేదు. పాపం సింహాచలం గారు దెబ్బలాటకి రానేదు. నీ సెయ్యి ఎలగున్నాదో సూద్దామనే ఒచ్చేరు. "పిక్కలు కావాలంటే అడగొచ్చు గదమ్మా, పడిపోయి సచ్చిపోతే?" అన్నారు. అంతే. ఆ మాటకి మన అయ్య, సంఘంలో పెద్ద, తలెత్తలేకపోయేడు. నిన్ను ఒక్క దెబ్బ కొట్టనేదు. ఆదివారం సంఘం ముందర ఒప్పుకోవాల అన్నాడు.

కట్టు మెడకి ఏలాడేసుకుని నిలబడినావు. "సింహాచలం గారి తోటలో పిక్కలకి సెట్టెక్కినాను, నన్ను సెమించండి" అన్నావు. గొంతు ఒణకనేదు. మొగోళ్ల ఏపు మూడో వరసలో నాను కూకుని ఉన్నాను. నువ్వు నాకేసి సూత్తావేమోనని తలొంచీసినాను. నువ్వు సూణ్ణేదు. నిన్ను మూడు నెలలు ప్రభువు బల్ల నుండి ఆపీసేరు, రొట్టె, ద్రాచ్చరసం నీకు ఇవ్వకూడదనీసి. ఆ రోజే రొట్టె పళ్లెం నా కాడికి ఒచ్చింది. నాను తీసుకుని తినీసినాను సువార్తా. నీ ముందరే తినీసినాను. నీకు రానివ్వకుండా ఆపీసిన రొట్టె, దానికి కారణమైన నాను తిన్నాను.

కట్టు ఇప్పినాక సెయ్యి అలగే వంగి ఉండిపోయింది. నర్సు ట్రైనింగుకి పిలిచి, డాక్టరమ్మ సెయ్యి సాపమన్నాదట. నువ్వు సాపలేకపోయినావు. ఇంటికొచ్చి, "మిషను కుట్టడానికి వంకర సెయ్యే బాగుంటాది అన్నియ్యా" అన్నావు. ఆ యేడాదే నాను ఇక్కడి ఉద్యోగానికి కాయితం ఎట్టినాను. ఊర్లో అందరికీ జీతం బాగుంటాది అని సెప్పినాను. నీ సెయ్యి రోజూ సూడలేక పారిపోయి ఒచ్చినాను, అదీ నిజం.

మళ్లీ బుధవారం క్లాసుకి ఒత్తాను. మీనాని కూకోబెట్టనేకపోయినాను. "నాను కూకుంటాను, నువ్వు తిప్పు" అన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు. హెడ్మిస్ట్రెస్ గారు కూడా నవ్వేరు. స్టూలు మంచిది, ఊగదు. సేతుల్లో బరువులు సాపి కూకున్నాను, మీనా తిప్పింది. "ఇంకా గట్టిగా తిప్పమ్మా" అన్నాను. తిప్పింది. బరువులు గుండెకి లాక్కున్నాను. కిటికీలు, బోర్డు, పిల్లల మొకాలు అన్నీ గీతల్లాగ అయిపోయినాయి. సాపితే తగ్గుతాదని నాకు తెలుసు. ఎన్నేళ్లుగా బోర్డు మీద రాత్తన్నాను అది! సేతులు ఇన్నేదు. భయమేత్తే మనిషి సేతులు గుండెకే ఒత్తాయి సువార్తా, దూరంగా ఎల్లవు. పదో క్లాసు గుంటవి, నువ్వేటి సేత్తావు? నా నోటంట, "సాలమ్మా, సాలు" అని ఒచ్చీసింది. మీనా ఎంటనే స్టూలు పట్టుకుని ఆపీసింది. పదహారేళ్ల గుంటకి తెలిసింది, సాలంటే ఆపాలనీసి.

"సార్, ఏడుస్తున్నారా?" అన్నాది. "కళ్లు తిరిగినాయమ్మా" అన్నాను. మళ్లీ అబద్దమే.

ఆ బస్సులో తప్పు నీదన్నాను గదా. నీది కాదు. ముడవడం నీ తప్పు కాదు, పడడం నీ తప్పు కాదు. సెట్టు నువ్వు ఎక్కనే నేదు. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది, సిగ్గుగా ఉన్నాది.

ఇవాళ ఇక్కడి గుడిలో రొట్టె పళ్లెం నా కాడికి ఒచ్చింది. తీసుకోలేక పక్కాయనకి అందించీసినాను. ఆయన ఒంట్లో బాగోలేదా అని అడిగేరు. గదికొచ్చి ముందర మన పాస్టరు గారికి ఉత్తరం రాసినాను. జరిగిందంతా రాసి, ఆదివారం సంఘంలో సదివించండని అడిగినాను. అది కూడా ఈ కవరులోనే ఎట్టి పంపిద్దామనుకున్నాను. జిగురు కూడా రాసీసినాను. అంతలో అనిపించింది, నువ్వు నిలబడినప్పుడు నీ తరపున ఎవరూ కాయితం సదవనేదు గదా. అందరి కళ్లూ నీ మీదే. నాను సముద్రం ఇవతల కూకుని, ఎవరో నా తప్పు సదివితే, అది కూడా దాక్కోడమే. సింపీసినాను.

నాను ఒత్తన్నాను. ఒచ్చే నెల విశాఖపట్నానికి ఓడ ఉన్నాది, రేపే టికెట్టు తీసుకుంటాను, బళ్లో సెలవు కూడా అడుగుతాను. మొదటి ఆదివారానికి ఊర్లో ఉంటాను. నువ్వు నిలబడ్డ కాడే నిలబడి, "నా సెల్లి సెట్టెక్కనేదు, పిక్క ముట్టనేదు, అబద్దం నాది" అనీసి సెప్తాను. గుడి నుండి సరాసరి సింహాచలం గారి గుమ్మం కాడికి ఎల్తాను. బావకి నువ్వు సెప్పుకోవాలంటే సెప్పుకో, నన్ను సెప్పమంటే నాను సెప్తాను. నువ్వు ఒప్పుకుంటే విశాఖపట్నంలో ఎముకల డాక్టరుకి సూపిద్దాం. ఇన్నేళ్లకి ఏటి సెయ్యగలరో తెలీదు, ఆశ ఎట్టడానికి రాయట్నేదు.

ఒద్దంటావని నాకు తెలుసు. అయ్య పరువు పోతాది, ముసిలోడు తట్టుకోలేడు అంటావు. పరువు పోయేది నాది. అయ్య గుమ్మం ఎక్కనివ్వకపోతే అరుగు మీద పడుకుంటాను. సంఘం నన్ను బల్ల నుండి ఆపితే ఆపనీ, ఆపాల కూడా. నన్ను సెమించమని మటుకు నిన్ను అడగట్నేదు. అడిగితే ఎంటనే సెమించీత్తావు, అది నాకు తెలుసు.

అమ్మకి ఇక్కడి నుండి ఏటయినా కావాలేమో అడిగి రాయి. నీకు మిషను దారం రీళ్లు తెత్తాను, ఇక్కడ మంచివి దొరుకుతన్నాయి. ఏ రంగులు కావాలో రాయి, మళ్లీ జవాబు ఎగ్గొట్టకు.

అయ్యకీ అమ్మకీ వాళ్ల కాళ్లు ముట్టుకున్నట్టే నా వందనాలు సెప్పు. పాస్టరు గారికీ సంఘ పెద్దలకీ వందనాలు. బావని అడిగినానని సెప్పు. ఓడ సల్లగా సేరాలని నా కోసం ఒక మాట ప్రార్థన సెయ్యి. నీ ఇంటి మీద దేవుడి సెయ్యి ఉండాల.

ఇట్లు,
నీకు ఇన్నేళ్లూ అన్నియ్యగా నిలబడలేని
ప్రకాశం

మర్సిపోయినాను. నాను ఒచ్చి సెప్పీదాకా అయ్యకి ఈ సంగతి తెలీనివ్వకు.

పైన రాసింది కొట్టీసినాననుకో సువార్తా. సెప్పాలనిపిత్తే ఇది సదివిన చనమే సెప్పీ. దాయమని నీకు ఇంకోసారి సెప్పే నోరు నాకు నేదు.